కాటన్ దొర ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం ఉందా?

గోదావరి గట్టు:
మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న ఆదివారం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపించి బయటకు తీసుకొస్తుంటే అడిగింది: "నాన్నా, కాటన్ అంటే పత్తి కదా, వాళ్ల తాతలు పత్తి వ్యాపారం చేసేవారా?" చేసేవారేమో అన్నాను. ఆ "ఏమో" ఇప్పటికీ నన్ను పీకుతోంది. తెలిసినవారు చెప్పండి.

పాత దస్తావేజు:
పత్తితో చుట్టరికం లేదండీ. బట్ట నేసే కాటన్ అరబ్బీ "కుత్న్" నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. ఇంటిపేరు కాటన్ ఇంగ్లండు మట్టిలోనే పుట్టింది. పాత ఇంగ్లీషులో "కాట్" అంటే పాక. గొర్రెల కొట్టానికీ ఆ మాటే వాడేవారు. కాటేజ్ కూడా ఆ వేరు నుంచి మొలిచిందే. పాకల దగ్గర ఉన్న చోటును "కాటుమ్" అన్నారు, అది అరిగి కాటన్, కోటన్ అయింది. స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, కేంబ్రిడ్జి పక్కన ఒక కోటన్, ఇలా చాలా ఊళ్లున్నాయి. ఊరు విడిచి వెళ్లినవాడిని కొత్తచోట ఆ ఊరి పేరుతో పిలిచారు. ఊళ్లు వేరు కాబట్టి కాటన్లందరూ ఒక వంశం కాదు.

విశ్రాంత తెలుగు పంతులు:
ఆ "ఉమ్" దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. అది పాత ఇంగ్లీషులో బహువచనం మీద వచ్చే విభక్తి ప్రత్యయం. విభక్తులు పోయినా, ఊరి పేరుకు అంటుకున్న ముక్క మిగిలిపోయింది. మనకిది కొత్తా? ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు వేటూరు, ఇంటిపేరు వేటూరి. ఆ చివరి "రి"లోని ఇకారం మన ఔపవిభక్తికమే, అంటే విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే మార్పు. పాకలు అన్న మాటకు ఇంటిపేరు రూపం పాకల. అంటే కాటన్ దొరను అచ్చ తెలుగులో పాకల ఆర్థర్ గారు అనవచ్చు! మన పాకలపాటి వారు నన్ను క్షమించాలి.

పాత దస్తావేజు:
పంతులుగారూ, మీకు నచ్చేవి ఇంకా ఉన్నాయి. న్యూసమ్ అన్న ఇంటిపేరు "కొత్త ఇళ్ల దగ్గర" అన్నదే, అందులోనూ అదే "ఉమ్". నాష్ ఇంకా తమాషా. యాష్ చెట్టు దగ్గర ఉండేవాడిని "అటెన్ యాష్" అనేవారు. ముందున్న విభక్తి పోతూపోతూ తన నకారాన్ని చెట్టుకు తగిలించి పోయింది.

రెడింగ్ నివాసి:
నేనుండేది ఇంగ్లండులోనే. ఆర్థర్ కాటన్ 1803లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్‌లో పుట్టారని చదివి, ఒక శనివారం బస్సెక్కాను. బస్సు నుదుటి మీద వెలుగుతున్న ఊరి పేరు చదివాక గాని బుర్రకు తట్టలేదు: వుడ్ అంటే అడవి, కోట్ అంటే అదే పాక. పాకల ఇంటిపేరువాడు అడవిపాకలో పుట్టాడన్నమాట. ఇందులో చరిత్ర ఏమీ లేదు, కాకతాళీయమే. అయినా ఆ బస్సులో ఒక్కడినే నవ్వుకున్నాను, పక్కావిడ కాస్త జరిగి కూర్చుంది.

మెట్ట రైతు:
పాకల్లో ఉండేవారు దొరలెలా అయ్యారు? 1086లో రాజు భూముల లెక్క తీయించినప్పుడు పాకల్లో ఉండే బీదలను విడిగా రాశారని ఎక్కడో చదివాను.

పాత దస్తావేజు:
నిజమే, ఆ డూమ్స్‌డే లెక్కలో వాళ్లను కోటారీలు అన్నారు. చారెడు నేల ఉన్నవాళ్లు. కానీ ఇంటిపేరు ఊరిది, మనిషి స్థితిది కాదు. పాకల పేరున్న ఊళ్లో భూస్వామి ఉన్నా అతనూ కాటనే. ఆర్థర్‌ది చెషైర్‌లోని కాంబర్‌మేర్ కాటన్ల శాఖ. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు అక్కడి మఠం ఆ కుటుంబం చేతికి వచ్చింది. పాకల వారికి మఠం దక్కిందన్నమాట.

వంశవృక్షం పిచ్చి:
వెతికేవారికి ఒక హెచ్చరిక. ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలవుతాయి, ప్రభుత్వ జననమరణ నమోదు 1837లో వచ్చింది. పాత రిజిస్టర్లలో చెవికి ఎలా వినబడితే అలా రాశారు. మా అల్లుడి తరఫువారి కోసం వెతుకుతూ, ఒకే మనిషిని పెళ్లినాడు ఒకలా, బిడ్డ బాప్తిస్మంనాడు ఇంకోలా రాసిన గుమాస్తాను చూశాను. నాలుగు నెలలు ఇద్దరు మనుషులనుకుని తిరిగాను. ఇంకొకటి, సఫోక్‌లోని కాటన్ ఊరికి పాకలతో పని లేదు. అది కోడా అనే ఆసామి పేరు మీద వెలిసిన ఊరు. ఆ ఊరి నుంచి వచ్చిన కాటన్లు ఉంటే వాళ్ల పేరుకు అర్థమే వేరు.

విశ్రాంత తెలుగు పంతులు:
ఇంకొక్క మాట. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటనును భగీరథుడిగా తలచుకునే సంస్కృత శ్లోకం ఒకటి మన వైపు చెబుతారు. అందులో ఆయన పేరు "కాటనుం" అయింది, ద్వితీయా విభక్తి. ఇంగ్లండులో చచ్చిపోయిన విభక్తిని కడుపులో పెట్టుకుని వచ్చిన పేరుకు గోదావరి ఒడ్డున మరో విభక్తి తగిలింది. పాపం, ఆ పేరుకు విభక్తుల యోగం తప్పలేదు.

గోదావరి గట్టు:
అందరికీ దండాలు. అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి బ్రౌన్ దొర?" అంది.

పాత దస్తావేజు:
జుట్టు రంగో ఒంటి రంగో చూసి పెట్టిన పేరు. అయినా దానికి వేరే చర్చ తెరవండి, ఇది ఇప్పటికే పొడవైంది.