సీడు పత్తి సీజన్: పేరు రిజిస్టర్‌లో, పిల్ల చేనులో. ఏం చెయ్యాలి?

ప్రశ్న (గణితం స్కూల్ అసిస్టెంట్, జడ్పీ హైస్కూల్)

గద్వాల జిల్లాలో గట్టు, మల్దకల్, అయిజ వైపు పనిచేసేవాళ్ళకు తెలిసిన సంగతే. ఆగస్టులో పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి రుద్దే పని) ఊపందుకోగానే 8, 9 తరగతుల హాజరు పడిపోతుంది, ఆడపిల్లలది మరీను. దసరా సెలవులయ్యాక కొందరు వస్తారు, కొందరు ఇక రారు. రానివాళ్ళ పేర్లు మాత్రం ఏడాది చివరి దాకా రిజిస్టర్‌లో ఉంటాయి. యూడైస్‌లో, అంటే బడుల వివరాల ప్రభుత్వ లెక్కలో, వీళ్ళను ఎట్లా చూపాలి? అసలు పిల్లలు వెనక్కి రావాలంటే ఏ నెలలో ఏం చెయ్యాలి?

జవాబు 1 (సీఆర్పీ, క్లస్టర్ బడులు చూసేవాళ్ళు)

పేరు తీసెయ్యకండి, హాజరు మాత్రం ఉన్నదున్నట్టు వెయ్యండి. రానిరోజు 'పి' (ప్రెజెంట్) వేస్తే ఆ పిల్ల కోసం వెతికేవాళ్ళే ఉండరు.

యూడైస్ ప్లస్ లెక్కకు ఆధారం సెప్టెంబరు 30. మన దగ్గర అది క్రాసింగ్ నడిమధ్యన పడుతుంది. ఆ రోజు పిల్ల చేనులో ఉన్నా ఎన్‌రోల్‌మెంట్‌లో ఉన్నట్టే. డ్రాపౌట్ తేలేది తర్వాతి ఏడాది: పైతరగతికి వెళ్ళినవాళ్ళను, అదే తరగతిలో ఉండిపోయినవాళ్ళను తీసేస్తే మిగిలేవాళ్ళు. దేశంలో సెకండరీ డ్రాపౌట్ 2023-24లో 10.9 శాతం, 2024-25లో 8.2 శాతం అన్నారు. మంచిదే. కానీ మూడు నెలలు బడి ముఖం చూడని పిల్ల ఆ లెక్కలో ఎక్కడా కనపడదు.

చిక్కు ఎక్కువగా పడేది ప్రోగ్రెషన్ దగ్గర, అంటే ఏ పిల్ల ఏ తరగతికి వెళ్ళిందో యూడైస్‌లో ఎక్కించేటప్పుడు. బడి వదిలిన పిల్లను డ్రాప్‌బాక్స్‌లోకి (యూడైస్‌లో బడి వదిలినవాళ్ళ జాబితా) పంపితే, చేర్చుకునే బడివాళ్ళు 11 అంకెల పెన్ నంబరు (పిల్ల శాశ్వత విద్యా సంఖ్య), పుట్టిన తేదీ కొట్టి తీసుకోగలరు. రాయచూరు వైపు వలసపోయినా అదే పెన్ పనిచేస్తుంది. సంఖ్య తగ్గుతుందని భయపడి మన బడిలోనే 'చదువుతోంది' అని ఉంచితే అవతలివాళ్ళకు ఆ పేరు దొరకదు. వలస వెళ్ళే ఇళ్ళకు పెన్ ఒక కాగితం మీద రాసివ్వండి, ఆధార్‌తో పాటు పెట్టుకుంటారు.

జవాబు 2 (బాలకార్మికుల పని చూసినవాళ్ళు)

పని ఎట్లా జరుగుతుందో తెలిస్తే ఎప్పుడు కదలాలో తెలుస్తుంది. సాయంత్రం ఆడ వరసల్లో మర్నాడు విచ్చుకునే మొగ్గల రేకులు, కేసరాలు గిల్లేస్తారు. పొద్దున మగ వరసల పూలు తెచ్చి వాటికి రుద్దుతారు. మధ్యాహ్నం దాటితే పుప్పొడి పనికిరాదు. అంటే పొద్దున బడి, సాయంత్రం చదువు, రెండూ పోతాయి. "ఒంటిపూటైనా పంపండి" అన్న మాట ఇక్కడ నడవదు.

పైగా చాలా ఇళ్ళలో ఆ కూలి ముందే తీసుకున్న అడ్వాన్సులో కోత పడుతుంటుంది. విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజరు రైతుకిస్తాడు, రైతు తల్లిదండ్రులకిస్తాడు. ఆగస్టులో ఇంటికెళ్ళి చదువు గొప్పతనం చెబితే ఆ బాకీ తీరదు. కాబట్టి ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అధ్యక్షురాలు గ్రామ మహిళా సంఘాల సమాఖ్య మనిషే. పోయిన ఆగస్టు-అక్టోబరు హాజరు పక్కన రాసిన జాబితా ఆమె ముందు పెట్టండి. ఏ ఇంట్లో అడ్వాన్సు తీసుకుంటారో ఆమె చెప్పగలరు. ఆ ఇళ్ళకు సంఘం అప్పు ముందుగా దొరికేలా మాట్లాడించండి. నా దృష్టిలో మిగతా అన్ని పనులకన్నా ఇదే ముఖ్యం.

సీజన్‌లో మూడో రోజు గైర్హాజరుకే ఇంటికి వెళ్ళాలి. చెప్పకుండా 45 రోజులు రాకపోతే బడి బయటి పిల్ల కింద లెక్క. అప్పటిదాకా ఆగితే క్రాసింగ్ సగం అయిపోతుంది.

చట్టం గురించి రైతుకు, తల్లిదండ్రులకు విడివిడిగా చెప్పండి. బాలకార్మిక చట్టం 2016 సవరణ ప్రకారం 14 నిండని పిల్లను పనిలో పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. ఈ సంగతి తెలియక భయంతో పిల్లను దాచేవాళ్ళుంటారు. సొంత చేనులో సాయం చేసినా అది బడి వేళ అయ్యాకో, సెలవుల్లోనో. పనిలో ఉన్న పిల్లల్ని విడిపించే పోలీసుల ఆపరేషన్ ముస్కాన్ జులైలో జరుగుతుంది, మన అవసరం ఆ తర్వాత. అందుకని ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్మిక శాఖ తనిఖీ కోసం ఎంఈవో (మండల విద్యాధికారి) ద్వారా లేఖ పెట్టించండి. అత్యవసరమైతే చైల్డ్‌లైన్ 1098.

ప్రశ్న అడిగినవారు

14 నిండిన 9వ తరగతి పిల్లల మాటేమిటి సార్? "రాని పిల్లలకు ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టించెయ్యండి, మన బడి పది ఫలితాలు బాగుంటాయి" అని సలహా ఇస్తున్నారు.

జవాబు 3 (ఓపెన్ స్కూల్ కేంద్రం)

దయచేసి ఆ పని చెయ్యకండి. విద్యాహక్కు చట్టం 6-14 ఏళ్ళకు, 8వ తరగతి వరకే. 9లో అడుగుపెట్టేసరికి ఆ అండ పోతుంది. అప్పుడే మనమూ చేయి వదిలేస్తే ఇంకెవరున్నారు? ఓపెన్‌లో రోజూ బడి లేదు, మధ్యాహ్న భోజనం లేదు. చేను నుంచి కాపాడేది రోజూ బడికి రావడమే.

ఆడపిల్లకు ముందు కేజీబీవీ (ఆడపిల్లల కస్తూర్బా హాస్టల్ బడి) అడగండి. మధ్యలో మానేసినవాళ్ళ కోసమే 2004లో పెట్టిన బడులవి. హాస్టల్లో ఉంటే క్రాసింగ్‌కు పిలిచే అవకాశం తక్కువ.

ఓపెన్ ఎవరికంటే, ఇప్పటికే పూర్తిగా మానేసినవాళ్ళకు, పది తప్పినవాళ్ళకు. 14 నిండితే ఎస్సెస్సీకి అర్హత, 5 సబ్జెక్టులు. రెగ్యులర్‌లో పాసైన 2 సబ్జెక్టుల మార్కులు బదిలీ చేసుకోవచ్చు, అందుకు పాత మార్కుల మెమో కావాలి. అయితే పది తప్పినవాళ్ళను ముందు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి కట్టించండి. గడువు తక్కువ. ఫలితాల రోజే తప్పినవాళ్ళ ఇళ్ళకు ఫోన్ వెళ్ళాలి. 16-19 ఏళ్ళ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలు ఓపెన్‌లో చదివితే సమగ్ర శిక్ష పథకంలో ఏడాదికి 2,000 రూపాయల దాకా సాయానికి వీలుంది. ఎంఆర్సీలో (మండల రిసోర్స్ సెంటర్) అడగండి.

జవాబు 4 (గణితం)

ఒక్క మాట కలుపుతాను. దసరా తర్వాత వచ్చిన పిల్ల పదిరోజుల్లో మళ్ళీ మానేస్తే చాలాసార్లు కారణం చేను కాదు, క్లాసు. బహుపదులు నడుస్తుంటే ఆమెకు మైనస్ గుర్తు దగ్గరే ఆగిపోతుంది. పోయిన పాఠాలన్నీ ఎక్కించబోకండి. మొదటి రోజు ఒక పేరా చదివించి, రెండంకెల తీసివేత, ఒక భాగహారం, ఒక భిన్నం చేయించండి, 15 నిమిషాల పని. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి రోజూ 40 నిమిషాల చొప్పున మూడు వారాలు. మొదటి పీరియడ్‌లో పెట్టండి, సాయంత్రం అదనపు క్లాసంటే ఇంటికి పిలిచేస్తారు. వెనకబెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టకుండా అదే వీధి పిల్ల పక్కన కూర్చోబెట్టండి. రాని రోజు కబురు తెచ్చేది ఆ పిల్లే.