ఆధార్‌తో అప్పు తీసిన కేసు: లోక్ అదాలత్‌లో రాజీ పడితే పూర్తిగా పోతుందా?

గుత్తి రోడ్డు: మాది అనంతపురం. మా ఇంట్లో ఒకరి ఆధార్, పాన్ తీసుకొని, వాళ్ల పేరు మీదే సిమ్ కొని, దానికొచ్చిన ఓటీపీలతో దగ్గరి చుట్టం ఒకడు లోన్ యాప్‌లో రెండు లక్షలు ఎత్తినాడు. నిరుడు కేసయింది. చార్జిషీటులో ఐటీ చట్టం 66సి (వేరేవాళ్ల గుర్తింపు వాడుకోవడం), 66డి (ఫోను, కంప్యూటర్‌తో వేరేవాళ్లలా నటించి మోసం), బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) 318(4) (మోసం), 319(2) (వేరేవాళ్లలా నటించి మోసం) పెట్టినారు. డబ్బంతా వాడే కట్టేసినాడు. వచ్చే లోక్ అదాలత్‌లో రాజీ పడితే కేసు లేనట్టేనని లాయరు గుమాస్తా అంటాడు. నిజమేనా? తెలిసినోళ్లు చెప్పండి. నీతులు వద్దు.

కొండారెడ్డి బురుజు: పోతుంది. 66సికి గరిష్ఠం మూడేళ్లు, లక్ష జరిమానా. 66డి కూడా అంతే. మూడేళ్లు దాటని నేరాలను కోర్టు రాజీ చేయొచ్చని అదే చట్టంలో 77ఏ చెప్తుంది. 318(4)కి ఏడేళ్లున్నా కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. రాజీ అయితే చట్టం లెక్కలో నిర్దోషిగా విడుదలైనట్టే. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు. సంతకాలు పెట్టి ఇంటికి పోండి.

మైదుకూరు పసుపు: రెండు లక్షలు మింగినోడు నిర్దోషా? బాగుండాది.

పాత బస్టాండు, కడప: నేను రాజీ పడి బాగుపడినట్టే మీరూ పడతారులే. నా పాన్ మీద ఎవడో కంతులకు ఫోను కొన్నాడు. దొరికినాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, వాడు కట్టినాడు, నేను సరే అన్నా. కేసు పోయింది. సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే బ్యూరో) మాత్రం ఆ అప్పు ఇప్పటికీ నాదే! నేనే తీసుకున్నట్టు, కంతులు తప్పినట్టు, చివరికి 'సెటిల్డ్' అయినట్టు. బండికి లోన్ అడగబోతే బ్యాంకాయన ఆ కాయితం నా వైపు తిప్పి చూపించినాడు. మోసం జరిగిందని కోర్టు చెప్పిన తీర్పు ఉంటే తెమ్మన్నాడు. రాజీలో తీర్పు యాడ నుంచి తెచ్చేది?

కొండారెడ్డి బురుజు: అడిగింది క్రిమినల్ కేసు గురించి, మీరు సిబిల్ ఎత్తుకున్నారు. అది బ్యూరోకు ఫిర్యాదు పెట్టి తేల్చుకోవాల్సింది. 30 రోజుల్లో తేల్చకుంటే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది.

పాత బస్టాండు, కడప: పెట్టినా సామీ. 'అప్పిచ్చిన సంస్థ ఈ వివరాలు సరైనవేనంది' అని జవాబిచ్చినారు. తేల్చినట్టేగా మరి, ఇంక వంద రూపాయలెవరిస్తారు?

కొండారెడ్డి బురుజు: దానికీ రాజీకీ ఏం సంబంధం?

పాత బస్టాండు, కడప: సంబంధం లేదని ఎట్లంటావు? దొంగ కట్టిన డబ్బు నా అప్పు ఖాతాలో నేను కట్టినట్టు జమైంది. కేసు నడిచి శిక్ష పడుంటే నా చేతిలో ఒక కాయితమన్నా ఉండేది.

జామీను కాయితం: కోర్టు వరండాలో ఉద్యోగం చేసినోణ్ని, ఒక మాట. ఇట్లాంటి కేసులు తీర్పు దాకా పోయేది తక్కువ. రాజీ కుదరని సెక్షను ఉంటే ఏమవుతుందో తెలుసా? ఫిర్యాది బోనెక్కి 'నాకేమీ తెలీదు, పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టినా' అంటాడు. పీపీ (సర్కారు లాయరు) హోస్టైల్, అంటే సాక్షి ఎదురు తిరిగినాడు అని రాయిస్తాడు. కేసు కొట్టేస్తారు. అందరికీ తెలిసిన నాటకమే. అందుకే ముందు అడగాల్సింది వేరే ఉంది. 318లో మోసపోయింది ఎవరు? మీ ఇంటి మనిషా, అప్పిచ్చిన సంస్థా?

కొండారెడ్డి బురుజు: మంచి ప్రశ్న. డబ్బిచ్చింది సంస్థ కాబట్టి 318లో రాజీ పడాల్సింది సంస్థే. వాళ్ల ప్రతినిధి రావాల. 66సిలో మాత్రం గుర్తింపు పోగొట్టుకున్న మనిషే బాధితుడు.

జామీను కాయితం: బాధితుడా, బాధితురాలా?

గుత్తి రోడ్డు: అదెందుకు?

జామీను కాయితం: 77ఏ చివరి దాకా చదవండి. ఆడమనిషి మీద గానీ 18 ఏళ్ల లోపు పిల్లల మీద గానీ జరిగిన నేరమైతే కోర్టు రాజీ చేయకూడదని అందులోనే ఉంది. తప్పు ఒప్పుకొని శిక్ష తగ్గించుకునే బేరం కూడా ఆడవాళ్ల మీద నేరానికి కుదరదు. రాజీ కుదరని నేరాన్ని లోక్ అదాలత్ ముట్టుకోదు.

కొండారెడ్డి బురుజు: ఆ రెండో షరతు నేను రాయలేదు, నిజమే. అయినా ఆడవాళ్ల మీద నేరం అంటే వేధింపుల్లాంటివి. సిమ్ కొనడం కాదు.

జామీను కాయితం: చట్టంలో అట్ల రాసి లేదన్నా. ఆమె మీద జరిగిందా లేదా, అంతే.

మైదుకూరు పసుపు: అన్న జవాబు చెప్పలేదు. ఎవరు?

గుత్తి రోడ్డు: మా అమ్మ. చేసింది మా మేనమామ కొడుకు. వానికి కానిస్టేబుల్ సెలక్షన్ దగ్గరికొచ్చింది. అందుకే తొందర. అయిందా? సంతోషమా?

పాత బస్టాండు, కడప: నిర్దోషి అయినా అటెస్టేషన్ ఫారంలో (ఉద్యోగానికి ముందు మన వివరాలు రాసిచ్చేది) కేసు ఉండిందని రాయాల్సిందే. దాచినా, తప్పు రాసినా ఉద్యోగానికే ఎసరు అని సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో 2016లో చెప్పింది.

గుత్తి రోడ్డు: వానికి జైలు పడితే మా మామ మా గడప తొక్కడు. ఇది మీకు అర్థం కాదు.

మైదుకూరు పసుపు: అమ్మ ఏమంటాది?

గుత్తి రోడ్డు: ఆమెకు ఈ సెక్షన్లు ఏం తెలుసు? 'నా వేలిముద్ర నన్నడక్కుండా ఎట్ల తీసుకున్నాడో జడ్జి ముందర చెప్పమను' అని ఒకటే పట్టు. డబ్బు వచ్చేసింది కదా అంటే వినదు.

జామీను కాయితం: అయితే మీరు అడిగేది రాజీ గురించి కాదు.

కొండారెడ్డి బురుజు: ఒక దారుంది. హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 528 కింద కేసు కొట్టేయమని పిటిషన్. రాజీకి రాని సెక్షన్లను కూడా ఇరువైపులా ఒప్పుకుంటే హైకోర్టు కొట్టేయొచ్చని 2012లో జ్ఞాన్ సింగ్ తీర్పు ఉంది, హత్యల్లాంటి పెద్ద నేరాలు తప్ప. కాకపోతే మీ అమ్మ అఫిడవిట్ ఇవ్వాల.

గుత్తి రోడ్డు: అదేం పెద్ద కష్టం కాదు. నేను పెట్టమంటే పెడతాది.

పాత బస్టాండు, కడప: మీ మామ కొడుకు కూడా అట్లే అనుకొని ఉంటాడు.

గుత్తి రోడ్డు: మర్యాదగా మాట్లాడు. నువ్వేమైనా నా అమ్మను సాకుతాండావా?

కొండారెడ్డి బురుజు: ఇద్దరూ ఆపండి. 77ఏలో 'మీద' అనే దానికి నా అర్థమే సరైనదని ఇప్పటికీ అంటాను. లోక్ అదాలత్‌లో ఒక దరఖాస్తు పెట్టి చూస్తే పోయేదేముంది?

జామీను కాయితం: ఆ దరఖాస్తు మీద కూడా ఆమెను పిలిచి అడుగుతారు.

తుంగభద్ర గట్టు: ఇప్పుడే చూస్తున్నా. అన్నా, 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోను చేసినారా మొదట?