చింతూరు పాత క్రిమినల్ కేసు తీర్పు నకలు ఎక్కడ దొరుకుతుంది?

గవర్నరుపేట_9
నమస్కారం. విజయవాడ నుంచి అడుగుతున్నాను. మా బంధువు ఒకరి మీద 2003లో చింతూరు పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. ఐపీసీ 307 సెక్షన్, హత్యాయత్నం. 2006 ప్రాంతంలో కొట్టేశారు. ఇప్పుడు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో ఆ కేసు ఇంకా ఉన్నట్టు రిపోర్టు వస్తోంది, తీర్పు సర్టిఫైడ్ కాపీ తెమ్మంటున్నారు. చేతిలో ఉన్నది ఒక పాత సమను జిరాక్సు మాత్రమే. దాని మీద పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు, సంవత్సరం కనిపిస్తున్నాయి, క్రైమ్ నంబరు చెరిగిపోయింది. కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఆంధ్రప్రదేశ్, తూర్పుగోదావరి పెట్టి వెతికితే ఏమీ రావడం లేదు. రంపచోడవరం వెళ్లాలా, రాజమండ్రి వెళ్లాలా? అదే కుటుంబానికి కూనవరం మండలంలో 1996 నాటి ఎల్టీఆర్పీ (ఏజెన్సీ భూబదలాయింపు) భూమి కేసు ఆర్డరు కూడా కావాలి. అది కూడా కోర్టులోనే ఉంటుందా?

నకళ్ల_సెక్షన్
రెండు చోట్లకీ వెళ్లొద్దండి. మీరు వెతికింది వేరే రాష్ట్రం కాగితం. చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు 2014లో పోలవరం ముంపు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అంతకు ముందు అవి ఖమ్మం జిల్లా, భద్రాచలం డివిజన్. 2003 కేసు భద్రాచలం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో మొదలై, ఖమ్మం సెషన్స్ డివిజన్‌లో ముగిసి ఉంటుంది. 2006లోనే తీర్పు వచ్చేసింది కాబట్టి ఆ కేసు కాగితాల కట్ట ఇటు బదిలీ అయ్యే అవసరం కూడా లేదు. ఈ-కోర్ట్స్‌లో రాష్ట్రం తెలంగాణ పెట్టాలి, జిల్లా భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం రెండూ చూడాలి. తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి 33 జ్యుడీషియల్ జిల్లాలు వచ్చాయి, కాబట్టి అప్పటి ఖమ్మం కేసులు ఇప్పుడు ఎటువైపు కనిపిస్తాయో ముందే అనుకోవడానికి లేదు.

ఇక అసలు చిక్కు పీఆర్సీ నంబరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 307 సెషన్స్ కోర్టు విచారించే నేరం. మేజిస్ట్రేటు దాన్ని పీఆర్సీగా నంబరు చేసి, నిందితులకు కాగితాల నకళ్లు ఇచ్చి, అప్పటి సీఆర్‌పీసీ 209 కింద సెషన్స్‌కు కమిట్ చేసేవారు, అంటే విచారణకు అప్పగించేవారు. అక్కడితో పీఆర్సీ నంబరు పని అయిపోయినట్టే. సెషన్స్‌లో దానికి ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు పడుతుంది, తీర్పు ఆ నంబరు మీదే ఉంటుంది. సంవత్సరం కూడా మారవచ్చు: 2003 పీఆర్సీ, 2004 ఎస్సీ కావడం మామూలే. పీఆర్సీ నంబరుతో తీర్పు నకలు అడిగితే 'ఇందులో జడ్జిమెంటు లేదు' అని దరఖాస్తు తిరిగి ఇచ్చేస్తారు. వాళ్లు చెప్పింది నిజమే, తప్పు నంబరుది.

అందుకే ముందు భద్రాచలం మేజిస్ట్రేటు కోర్టుకే వెళ్లండి. అక్కడ పీఆర్సీ రిజిస్టరులో మీ నంబరు ఎదుట డిస్పోజల్ కాలమ్‌లో కమిటల్ తేదీ, ఏ కోర్టుకు పంపారో రాసి ఉంటుంది. సెషన్స్ నుంచి నంబరు తిరిగి వస్తే అది కూడా ఎక్కించి ఉంటారు. రాసి లేకపోతే కమిటల్ ఆర్డరు తేదీ పట్టుకుని సెషన్స్ కోర్టు ఎస్సీ రిజిస్టరులో ఆ తేదీ తరువాతి మూడు నాలుగు నెలలు చూడమని అడగాలి. ఇంకో సంగతి: 307 కేసులను సెషన్స్ జడ్జి తన దగ్గర ఉంచుకోకుండా అసిస్టెంట్ సెషన్స్ కోర్టుకు పంపడం పరిపాటి. అప్పుడు తీర్పు ఖమ్మం ప్రధాన కోర్టులో కాక కొత్తగూడెంలో ఉండవచ్చు. 'మేడోవర్ టు' (ఫలానా కోర్టుకు అప్పగించారు) అన్న మాట రిజిస్టరులో కనిపిస్తే ఆ కోర్టు పేరు రాసుకోండి.

నకలు దరఖాస్తులో పార్టీల పేర్లు, ఎస్సీ నంబరు, తీర్పు తేదీ, ఏ కాగితం కావాలో విడిగా రాయాలి. 'మొత్తం ఫైలు' అని రాయకండి. పాస్‌పోర్టుకు తీర్పు ఒక్కటి చాలు. నిందితుడే అడుగుతున్నాడు కాబట్టి అఫిడవిట్ అక్కర్లేదు, ఆయన సంతకం లేదా ఆయన వకాల్తా ఉన్న వకీలు చాలు. మీరు మీ పేరున వేస్తే మాత్రం మూడో వ్యక్తి అవుతారు. ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి, జడ్జిగారి ఆర్డరు తీసుకోవాల్సి వస్తుంది, అది వేరే ఆలస్యం. కోర్టు ఫీజు స్టాంపులు, వకాల్తా మీద వెల్ఫేర్ స్టాంపు అక్కడివే కొనాలి. విజయవాడలో కొన్న ఏపీ స్టాంపులు తెలంగాణ కోర్టులో చెల్లవు. ఒక్కోసారి ఈ చిన్న విషయం మీదే రెండో ప్రయాణం పడుతుంది.

దరఖాస్తుకు సీఏ (కాపీ అప్లికేషన్) నంబరు ఇస్తారు, అది రాసుకోండి. తరువాత పేజీలు లెక్కపెట్టి చార్జీలు పిలుస్తారు, నోటీసు బోర్డు మీద వేస్తారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. దూరం నుంచి వేసేవాళ్ల దరఖాస్తులు పోయేది ఎక్కువగా ఇక్కడే. స్థానికంగా ఒక వకీలో, గుమస్తానో రోజూ బోర్డు చూసే ఏర్పాటు ఉండాలి. నకలు చేతికి వచ్చాక వెనక ముద్రలో దరఖాస్తు తేదీ, చార్జీలు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, తయారైన తేదీ, ఇచ్చిన తేదీ అన్నీ నింపి ఉన్నాయో లేదో చూసుకుని బయటికి రండి.

ప్రయాణం మాటకొస్తే, ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారే తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా చింతూరు పోతుంది. మీకు కావలసిన ఊళ్లలో ఎక్కువ ఈ ఒక్క రోడ్డు మీదే ఉన్నాయి.

స్టేషన్_రైటర్
కోర్టు వైపు పైన చెప్పింది సరిగ్గా ఉంది. పోలీసు వైపు కూడా చేసుకోవాలి, ఎందుకంటే తీర్పు నకలు ఇచ్చినా స్టేషన్ రికార్డులో కేసు ఫలితం ఎక్కకపోతే తరువాతి వెరిఫికేషన్‌లో మళ్లీ అదే రిపోర్టు వస్తుంది.

ముందు క్రైమ్ నంబరు తేల్చుకోండి. అది స్టేషన్ పేరు, సంవత్సరంతో కలిస్తేనే పనికొస్తుంది. ప్రతి జనవరిలో 1 నుంచి మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఒట్టి '42' అంటే ఏమీ తేలదు. సమను మీద చెరిగిపోయినా పర్వాలేదు, కమిటల్ ఆర్డరు మొదటి పేజీలో 'చింతూరు పీఎస్ క్రైమ్ నంబరు ఫలానా బై 2003' అని ఉంటుంది. తీర్పులో కూడా ఉంటుంది. అందుకే కోర్టు పని ముందు, స్టేషన్ పని తరువాత.

స్టేషన్ చింతూరులోనే ఉంది. 2003 నాటి ఎఫ్‌ఐఆర్ పుస్తకం, క్రైమ్ రిజిస్టరు అక్కడ అడగాలి. ఆన్‌లైన్‌లో ఆశ పెట్టుకోవద్దు. ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టాలన్న సుప్రీంకోర్టు ఆదేశం 2016 సెప్టెంబరు 7న వచ్చింది, 2016 నవంబరు 15 నుంచి అమలు. మామూలుగా 24 గంటలు, నెట్ సరిగా లేని మారుమూల స్టేషన్లకు 72 గంటల దాకా గడువు ఇచ్చారు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటివి పెట్టరు. చింతూరులో పాత ఎఫ్‌ఐఆర్ దొరకకపోతే అక్కడితో దారి మూసుకుపోలేదు: ఎఫ్‌ఐఆర్ ఒరిజినల్ ఆ రోజే మేజిస్ట్రేటుకు వెళ్తుంది, స్టేషన్‌లో ఉండేది నకలు. కేసు కట్టలో ఒరిజినల్ ఉండాలి, దానికి సర్టిఫైడ్ కాపీ కోర్టే ఇస్తుంది.

స్టేషన్‌లో మీరు కలవాల్సింది కోర్టు డ్యూటీ కానిస్టేబుల్. క్రైమ్ నంబరుకు కోర్టు నంబరు కలిపి రాసుకునే రిజిస్టరు అతని దగ్గరే ఉంటుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేసి ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ హౌస్ ఆఫీసరుకు) దరఖాస్తు ఇవ్వండి, ఫలానా క్రైమ్ నంబరులో ఫలానా తేదీన నిర్దోషిగా విడుదలైన సంగతి రికార్డులో ఎక్కించమని. ఒక ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే కాగితం స్పీడ్ పోస్టులో ఎస్పీ కార్యాలయానికి కూడా పంపండి. ఏ ఎస్పీ అన్నది పంపే రోజున సరిచూసుకోండి. 2014లో తూర్పుగోదావరి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా, ఇలా ఆ స్టేషన్ పై కార్యాలయం మారుతూ వచ్చింది.

సమాచార హక్కు కింద అడిగేవాళ్లకు: రాష్ట్ర నిబంధనల్లో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, నకలు పేజీకి 2. జవాబుకు 30 రోజులు. 'దర్యాప్తుకు భంగం' అని 8(1)(హెచ్) కింద తిప్పి పంపితే 8(3) చూపించండి. 20 ఏళ్లు దాటిన సంఘటన అయితే ఆ మినహాయింపు వర్తించదు. 2003 కేసుకు ఇది సరిపోతుంది. కేస్ డైరీ మాత్రం అడగొద్దు, అది రాదు. కోర్టు కాగితాలు సమాచార హక్కులో అడగడం కూడా వృథా. కోర్టు రూల్స్ ప్రకారమే నకలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది. ఖమ్మం వైపు కార్యాలయాలకు కూడా వేయాలనుకుంటే ఒకే దరఖాస్తు బదిలీ అవుతుందని ఎదురుచూడకండి, రెండు రాష్ట్రాలకు రెండు విడివిడిగా వేయండి.

ఏజెన్సీ_భూమి
రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఎల్టీఆర్పీ ఆర్డరు కోర్టులో ఉండదండి. 1959 నాటి 1వ నంబరు భూబదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970 సవరణ, ఈ రెండింటి కింద నడిచే కేసు అది. మొదటి ఆర్డరు గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ఇస్తారు. అప్పీలు ఏజెంటుకు, అంటే కలెక్టరుకు. భద్రాచలంలో అదనపు ఏజెంటుగా ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి అప్పీళ్లు విన్నారు. ఆ పైన రివిజన్ ప్రభుత్వానికి. కాబట్టి 1996 ఫైలు భద్రాచలం స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కార్యాలయం రికార్డు గదిలోనే మొదట అడగాలి. 2014 తరువాత మండలంతో పాటు కొన్ని ఫైళ్లు ఇటు అప్పగించి ఉండవచ్చు. అప్పగింత జాబితాలో ఆ ఎల్టీఆర్పీ నంబరు ఉందా లేదా అని రాతపూర్వకంగా అడిగితే, ఉన్నా లేకున్నా మీకు ఒక కాగితం వస్తుంది.

ఆ నేలలో సివిల్ దావాలు కూడా మన గుంటూరు, విజయవాడల్లో లాగా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉండవు. 1924 ఏజెన్సీ రూల్స్ కింద ఏజెన్సీ డివిజనల్ ఆఫీసరు, ఏజెంటు దగ్గర నడుస్తాయి, రికార్డు సబ్ కలెక్టరు, కలెక్టరు కార్యాలయాల్లో ఉంటుంది. ఈ-కోర్ట్స్‌లో ఎంత వెతికినా దొరకదు. గోదావరి అవతల నిజాం వైపున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మాత్రం దీంతో కలపకండి. వాటికి భూబదలాయింపు రెగ్యులేషన్ 1963లో వర్తింపజేశారు, 2014లో అవి పశ్చిమగోదావరికి వెళ్లాయి.

దరఖాస్తులో సర్వే నంబరు, గ్రామం, అప్పటి పట్టాదారు పేరు, ఎదుటి పక్షం పేరు ఇవ్వండి. కేసు నంబరు తెలియకపోయినా ఈ నాలుగింటితో రిజిస్టరు పట్టుకోవచ్చు. గ్రామం పేరు మండలంతో పాటు పాత తాలూకాతో రాయండి. ఇంకా పాత కాగితం కావాల్సినవాళ్లకు ఒక మాట: భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలోనే ఉంది. అంతకు ముందువి ఖమ్మంలో అడిగి లాభం లేదు.

గవర్నరుపేట_9
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు అందరికీ. ఈ-కోర్ట్స్‌లో కొత్తగూడెం ఎంచి పేరుతో చూశాను, రాలేదు. ఒకవేళ కట్టే లేదంటే? వరదల్లో పోయాయి, ధ్వంసం చేశాం అంటారేమోనని భయం.

నకళ్ల_సెక్షన్
పేరుతో రాకపోవడానికి స్పెల్లింగు కారణం కావచ్చు. ఇంటిపేరు ముందా వెనకా, చింతూరు ఇంగ్లిషులో మూడు రకాలుగా రాస్తారు. ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికే వీలు కూడా అందులో ఉంది, క్రైమ్ నంబరు తెలిశాక అది చూడండి. కంప్యూటరీకరణకు ముందు ముగిసిన కేసు కాబట్టి అసలు ఎక్కించకపోయే అవకాశమే ఎక్కువ. అంతమాత్రాన రికార్డు లేదని కాదు.

ధ్వంసం అన్నది నోటిమాటగా ఒప్పుకోకండి. ముగిసిన కేసులో సాక్షుల వాంగ్మూలాలు, చిల్లర కాగితాలు ముందు తీసేస్తారు, తీర్పు వాటికంటే ఎక్కువ కాలం ఉంచుతారు. తీసేస్తే ధ్వంసం చేసిన జాబితాలో తేదీతో రాస్తారు. ఆ వివరంతో మీ నకలు దరఖాస్తు మీదే ఎండార్స్‌మెంటు రాసివ్వమని అడగండి. దానితో పాటు ఎస్సీ రిజిస్టరులో ఆ కేసు ఫలితం రాసిన వరుసకు సర్టిఫైడ్ ఎక్స్‌ట్రాక్టు అడగండి. ఈ రెండు కాగితాలు కలిపితే కేసు ఎలా ముగిసిందో రాతలో ఉంటుంది. సెషన్స్‌లో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) కార్యాలయానికి, పోలీసులకు తీర్పు ప్రతులు వెళ్తాయి, అక్కడా అడగవచ్చు. అప్పటి వకీలు ఫైలు దొరికితే జిరాక్సు చాలా పనికొస్తుంది, అయితే సర్టిఫైడ్ కాపీకి అది బదులు కాదు, నంబర్లు పట్టుకోవడానికే.

కేసులో ఎంతమంది నిందితులు? ఒకరు పరారీలో ఉండి ఉంటే కేసు విడగొట్టి ఇంకో నంబరు ఇచ్చి ఉంటారు. అప్పుడు మీ బంధువు ఏ నంబరులో విడుదలయ్యారో చూసుకోవాలి. పరారీలో ఉన్నవాళ్ల నంబరు ఇంకా పెండింగులో ఉంటే వెరిఫికేషన్‌లో కనిపించేది అదే కావచ్చు.

గవర్నరుపేట_9
నలుగురు. ఒకరు దొరకలేదని విన్నాం.

స్టేషన్_రైటర్
అయితే ముందు అదే తేల్చండి. తీర్పు మొదటి పేజీలో ఏ1, ఏ2 అని నిందితుల వరుస ఉంటుంది, విడగొట్టిన నిందితుడి గురించి మొదటి రెండు పేరాల్లోనే రాస్తారు. స్టేషన్‌కు ఇచ్చే దరఖాస్తులో మీ బంధువు నిందితుడి సంఖ్య, ఎస్సీ నంబరు రెండూ రాయండి, క్రైమ్ నంబరు ఒక్కటే రాస్తే పెండింగు కేసుతో మళ్లీ కలిసిపోతుంది.

మాచర్ల_రోడ్
ఈ పీఆర్సీ సంగతి పల్నాడుకూ ఇలాగేనా?

నకళ్ల_సెక్షన్
పీఆర్సీ నుంచి ఎస్సీకి మారడం అన్నిచోట్లా ఒకటే. మీకు రాష్ట్రం మారలేదు, అదొక్కటే తేలిక. ఎస్పీ కార్యాలయం మాత్రం మారింది, గుంటూరు రూరల్ నుంచి 2022లో నరసరావుపేటకు. పాత దరఖాస్తు జవాబు గుంటూరు నుంచి వస్తే అందులోని నంబరుతోనే నరసరావుపేటలో అడగండి.

ఏజెన్సీ_భూమి
చింతూరు, కూనవరం వెళ్లేవాళ్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా ముందు గోదావరి మట్టం చూసుకుని బయలుదేరండి. భద్రాచలం దగ్గర 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. నీళ్లు పెరిగితే శబరి నది వెనక్కి తన్ని కూనవరం, చింతూరు రోడ్లు మునుగుతాయి. కొత్తగూడెం, భద్రాచలం పని ముగించుకుని, చింతూరు దరఖాస్తు పోస్టులో పంపినా సరిపోతుంది.