చలికి బాయిలర్ ఆగిపోయింది, లోపల గడగడ చప్పుడు. పైపులో మంచు కట్టిందా?

లీడ్స్_కొత్తకాపు
ఇక్కడ ఇంగ్లండ్‌లో రాత్రి మైనస్ 5. పొద్దున్నుంచి రేడియేటర్లు చల్లగా ఉన్నాయి, వేడినీళ్లు లేవు. కాంబీ బాయిలర్ (హీటింగ్, వేడినీళ్లు రెండూ ఇచ్చే గ్యాస్ బాయిలర్) వెలగబోయి ఆగిపోతోంది, లోపల గడగడమంటోంది. వంటింటి గోడలోంచి సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు బయటి మోరీలోకి దిగుతుంది. అదేనా కారణం? అద్దె ఇల్లు. ఇంజినీరు వచ్చేలోపు ఏమైనా చేయొచ్చా?

నీలిమంట
అదేనండి. గడగడే ఆనవాలు. పొగలోని ఆవిరి నీరై బాయిలర్ కింది ట్రాప్‌లో (నీళ్లు నిలిచి పొగను బయటికి రానివ్వని గిన్నె) చేరి, ఆ పైపులోంచి పోవాలి. దారి మూసుకుంటే నీరు వెనక్కి ఎక్కుతుంది, బర్నర్ నిలవదు. బాయిలర్ బ్రాండును బట్టి తెర మీద ఎర్రర్ కోడ్ వస్తుంది: వైలెంట్‌లో ఎఫ్28, వుస్టర్‌లో ఈఏ, ఐడియల్ లాజిక్‌లో ఎల్2. కాకపోతే గ్యాస్ అందకపోయినా ఇవే కోడ్‌లు వస్తాయి. ముందు గ్యాస్ స్టవ్ వెలిగించి చూడండి. ప్రీపేమెంట్ (ముందే డబ్బు వేసుకునే) గ్యాస్ మీటరైతే బాలెన్స్ కూడా.

అవి బాగుంటే బాయిలర్ ఆపి బయటికెళ్లండి. మంచు ఎక్కువగా పట్టేది మూడు చోట్ల: మోరీ దగ్గరి కొస, మలుపులు, వాలు లేకుండా అడ్డంగా పోయే ముక్క. మరిగే నీళ్లు మాత్రం పోయకండి, ప్లాస్టిక్ పగులుతుంది. చెయ్యి తట్టుకునే వేడి చాలు. కొస నుంచి మొదలుపెట్టి, పైకి జరుగుతూ జగ్గుతో పైపు మీద పోయండి. మలుపులకు హాట్ వాటర్ బాటిల్ కట్టి ఉంచితే ఇంకా మంచిది. కింద పడ్డ నీళ్లు మళ్లీ గడ్డకడతాయి, దారిలో ఉప్పు చల్లండి. నేల మీద నిలబడి అందకపోతే వదిలేయండి, ఈ జారుడులో నిచ్చెన వద్దు.

చివర్లో రీసెట్ నొక్కండి. గడగడ ఆగి మంట నిలిస్తే పని అయినట్టే.

లీడ్స్_కొత్తకాపు
కొస మోరీ జాలీ కిందికి ఉంది, అక్కడ మంచు కనిపించట్లేదు. పైపు మొత్తం రెండుసార్లు తడిపినా అదే గడగడ.

ఫ్లూ_పరీక్ష
అయితే అడ్డు ట్రాప్‌లోనే ఉండొచ్చు. హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని నీళ్లకు అందించే భాగం) నుంచి రాలిన మడ్డి అక్కడ పేరుకుంటుంది. దాన్ని విప్పి కడిగాక నీళ్లు నింపకుండా బిగిస్తే, పొగ ఆ దారినే ఇంట్లోకి వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. అందుకే ఇది గ్యాస్ సేఫ్ (గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితా) రిజిస్టర్డ్ ఇంజినీరు పని. బాయిలర్ కవర్ అసలే విప్పకండి.

మంచే అయితే ఇంజినీరు ట్రాప్ దాటాక పైపు జాయింట్ విడదీసి బకెట్ పెట్టి నడిపిస్తాడు. గంటకు రెండు లీటర్ల దాకా రావచ్చు, బకెట్ కనిపెట్టుకుని ఉండాలి. అద్దె ఇల్లు గనక మీరే పైపు కోయకండి. హీటింగ్, వేడినీళ్ల మరమ్మతు ఓనర్ బాధ్యతే, ఈరోజే మెయిల్ పెట్టండి.

నీలిమంట
అదే మెయిల్‌లో ఇదీ అడగండి: బయట 21.5 మి.మీ. పైపు ఉంటే 32కి మార్చి, వానకు తట్టుకునే ఇన్సులేషన్ తొడగాలి. మీటరుకు కనీసం 45 మి.మీ. వాలు, బయటి పొడవు 3 మీటర్లు దాటకూడదు. లోపలే సింకు పైపులో కలపగలిగితే ఈ బెడదే ఉండదు. రాగి పైపు వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ నీరు ఆమ్లం, తినేస్తుంది.