చిన్న తెరచాప పడవలో మహాసముద్ర ప్రయాణం: ఏ పనితో మొదలుపెట్టాలి?

సాగరిక:

అందరికీ నమస్కారం. మా దగ్గర 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఉంది. ఒకే మాస్ట్ (తెరచాపలను నిలిపే స్తంభం), ప్రధాన తెరచాప మెయిన్‌సెయిల్, ముందువైపు తెరచాప జిబ్, లోపల చిన్న డీజిల్ ఇంజను. కట్టి 30 ఏళ్లు దాటినా పైకి గట్టిగానే కనిపిస్తుంది. నేనూ మావారూ కొన్నేళ్లుగా తీరం వెంబడి పగటిపూట ప్రయాణాలు చేస్తున్నాం. రాత్రిపూట తీరానికి దూరంగా నడిపిన అనుభవం మాత్రం దాదాపు లేదు. మరో రెండేళ్లలో, మూడు నాలుగు వారాలపాటు నేల కనిపించని ప్రయాణానికి సిద్ధం కావాలని మా సంకల్పం.

సామగ్రి జాబితాలు చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. లిథియం బ్యాటరీలు, రాడార్, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం, ఉపగ్రహ ఫోను, కొత్త తెరచాపలు, లైఫ్‌రాఫ్ట్ (గాలితో ఉబ్బే ప్రాణరక్షక తెప్ప) అన్నీ అత్యవసరమేనన్నట్టు రాస్తున్నారు. అన్నీ కొనేంత డబ్బు మాకు లేదు, ఉన్నా ఇంత చిన్న పడవలో వాటికి చోటుండదు. ఉన్న డబ్బునూ సమయాన్నీ ఏ క్రమంలో వెచ్చించాలో, పడవ సంగతి అలా ఉంచి మేమిద్దరం ఏం నేర్చుకోవాలో, దూరప్రయాణాలు చేసినవారు వివరంగా చెప్పగలరా?

పాతరేవు:

సాగరిక గారూ, మీ జాబితాలోని వస్తువులు పనికిరానివని అనను గానీ, వాటిలో ఏదీ మొదటి ఏడాది కొనవలసినది కాదని నా నిశ్చితాభిప్రాయం. పడవలోకి నీరు రాకూడదు, మాస్ట్ పడకూడదు, చుక్కాని మాట వినాలి. ఈ మూడూ ఖాయమయ్యేదాకా వేరే దేనికీ డబ్బు తీయకండి.

ముందు నీటి సంగతి చూడండి. పడవను గట్టు మీదికి ఎత్తించి, నీటిమట్టానికి దిగువన ఉన్న ప్రతి రంధ్రాన్నీ, దానికి బిగించిన సీకాక్‌నూ (రంధ్రాన్ని మూసే కవాటం), గొట్టాన్నీ, క్లాంపునూ ఒక్కొక్కటిగా విప్పి పరిశీలించండి. పాత పడవల్లో కొన్ని ఫిట్టింగులు కంచువి కాక మామూలు ఇత్తడివి అయి ఉంటాయి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు క్రమంగా కరిగిపోయి, మిగిలిన లోహం గులాబీ రంగుకు తిరిగి పెళుసుబారుతుంది. అప్పటిదాకా నిక్షేపంగా కనిపించినదే చిన్న దెబ్బకు విరిగిపోతుంది. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద 38 మి.మీ. రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 150 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. చిన్న పడవల్లో సాధారణంగా అమర్చే బిల్జ్ పంపు (అడుగున చేరిన నీటిని తోడే పంపు) అంత నీటిని తోడలేదు. అందుకే ప్రతి సీకాక్ పక్కనా దానికి సరిపడే మెత్తటి చెక్క బిరడాను తాడుతో కట్టి ఉంచాలి, వాడకంలో లేని రంధ్రాలను శాశ్వతంగా పూడ్పించాలి.

అదే సమయంలో కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) బోల్టులనూ, కీల్ పడవకు అతికే చోటునూ అనుభవజ్ఞుడైన సర్వేయరుకు చూపించండి. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే దాదాపు 40 అడుగుల పడవకు అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయింది. పడవ తలకిందులై అందులోని నలుగురూ ప్రాణాలు కోల్పోయారు. అంతకుముందు ఆ పడవ నేలకు తగిలిన సందర్భాలు, తర్వాత జరిగిన మరమ్మతులు కలిసి లోపలి అతుకును బలహీనపరచి ఉండవచ్చని దర్యాప్తు చేసినవారు భావించారు. మీ పడవ ఎప్పుడైనా నేలకు తగిలిందేమో పాత యజమానులను తప్పక అడగండి, వాళ్లు చెప్పకపోయినా కీల్ వెనుక అంచు దగ్గర, లోపలి అడ్డుదూలాల అతుకుల్లో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో వెతకండి.

ఇక మాస్ట్. దాన్ని నిలబెట్టే స్టెయిన్‌లెస్ స్టీలు తీగలను పదేళ్లు దాటితే మార్చడం మేలని రిగ్గర్లూ (మాస్ట్, తీగల పనివారు) బీమా సంస్థలూ సాధారణంగా చెబుతారు. తీగ నడిమధ్యలో తెగడం అరుదు. చివర ఫిట్టింగులోకి దూరే చోట ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. అంతకంటే నాకు భయం కలిగించేవి చెయిన్‌ప్లేట్లు, అంటే ఆ తీగలను పడవకు బిగించే లోహపు పట్టీలు. డెక్ గుండా కిందికి దిగే చోట వాటికి గాలి తగలదు, తేమ మాత్రం నిలిచిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే పలుచని పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. అది అందని ఆ ఒక్క అంగుళంలో లోహం లోలోపలే చిట్లిపోతుంది. పైకి కనిపించే భాగం తళతళలాడుతూనే ఉంటుంది. కాబట్టి వాటిని బయటికి లాగి చూడటం తప్ప మరో మార్గం లేదు.

చుక్కాని బేరింగులు ఎంత వదులుగా ఉన్నాయో చూసుకోండి. అత్యవసర టిల్లర్ (చుక్కానిని నేరుగా తిప్పే కర్ర) ఉంటే దాన్ని అమర్చి, ఓ మోస్తరు అలల్లో కనీసం గంటసేపు నడిపి చూడండి. ఇద్దరే ఉన్న పడవలో రేయింబవళ్లు చేతితో చుక్కాని పట్టడం అసాధ్యం కనుక, గాలి దిశను బట్టి తానే చుక్కాని నడిపే విండ్‌వేన్‌ను నేను లిథియం బ్యాటరీలకంటే ముందు కొంటాను. దానికి కరెంటు అక్కర్లేదు, గాలి పెరిగేకొద్దీ దాని బలమూ పెరుగుతుంది.

ఈ పనుల్లో చేయగలిగినవన్నీ మీ చేతులతోనే చేయండి. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో 32 అడుగుల సుహైలీలో 312 రోజులపాటు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చాడు. దారిలో కీల్ పక్క అతుకుల నుంచి నీరు కారుతుంటే నడిసముద్రంలో నీళ్లలోకి దిగి, సందుల్లో దూది కూరి, పైన రాగిరేకు కొట్టాడు. తర్వాత స్వయంచాలక చుక్కాని విరిగిపోతే, తెరచాపలను సర్ది పడవ తనంతట తానే దారి పట్టేలా నడిపాడు. పడవలో ఏ అతుకు ఎక్కడుందో తెలిసినవాడు గనుకనే అది సాధ్యమైంది.

మూడోజాము:

పడవ గురించి పాతరేవు గారు చెప్పారు కనుక నేను మనుషుల గురించి రాస్తాను. ఇద్దరు మనుషుల ప్రయాణంలో అన్నిటికంటే కరువయ్యేది నిద్ర. ఎదురుగా వచ్చే ఓడ 20 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కి.మీ.) వేగంతో, మీరు 5 నాట్లతో ఉంటే, ఆరు నాటికల్ మైళ్ల దూరంలో కనిపించిన దీపం 15 నిమిషాల లోపే మీ మీదికి వచ్చేస్తుంది. ఎల్లప్పుడూ కాపలా ఉండి తీరాలని అంతర్జాతీయ సముద్ర నియమాలు కూడా చెబుతున్నాయి. అందువల్ల ఒకరు మేలుకుంటే మరొకరు పడుకోవడం తప్ప దారి లేదు. మూడు గంటల వంతులు కొందరికి, నాలుగు గంటల వంతులు మరికొందరికి సరిపడతాయి. మీకు ఏది సరిపడుతుందో తీరంలో కూర్చుని తేల్చలేరు. మొదట ఒక రాత్రి, తర్వాత వరుసగా రెండు మూడు రాత్రులు సముద్రంలో గడపండి. మొదటి రాత్రి ఉత్సాహంతో గడిచిపోతుంది. మూడో రోజు అలసటలో మీరు తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటున్నాయో జాగ్రత్తగా గమనించుకోండి.

సముద్రపు వికారాన్ని చులకనగా చూడకండి. మొదటి రెండు మూడు రోజులు అది ఎంతటి అనుభవజ్ఞులనైనా పడేయగలదు. వైద్యుణ్ణి అడిగి మందు ఎంచుకుని, అది ఎంత మగతనిస్తుందో ముందుగా నేలమీదే పరీక్షించుకోండి. వికారం మొదలయ్యాక మింగితే కడుపులో నిలవదు. బయలుదేరడానికి ముందే వేసుకోవాలి.

సాగరిక గారూ, మీరడగని విషయం ఒకటి నొక్కిచెప్పాలి. చాలా జంటల్లో ఒకరు నడిపిస్తారు, మరొకరు సాయం చేస్తారు. మీ ఇంట అలా జరుగుతుంటే ఈ రెండేళ్లలోనే దాన్ని మార్చుకోండి. తెరచాప తగ్గించడం, లంగరు వేయడం, ఇంజను ఇంధన గొట్టంలోని గాలి తీయడం, రేడియోలో సహాయం కోరడం, మ్యాపు మీద దారి గీయడం ఇద్దరికీ రావాలి. ఒకరు నీళ్లలో పడితే పడవలో మిగిలేది ఒక్కరే. తడిసిన బట్టలతో బరువెక్కిన మనిషిని ఆ ఒక్కరూ వించ్, కప్పీల సాయంతో పైకి ఎలా ఎత్తుతారో, ప్రశాంతమైన నీటిలో, దగ్గర ఇంకో పడవను ఉంచుకుని, ఒకసారి చేసి చూడండి. అదెంత కష్టమో అర్థమయ్యాక హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీ) కట్టుకోమని మీకెవరూ చెప్పనక్కర్లేదు. హార్నెస్ కట్టుతాడును తగిలించే జాక్‌లైన్లను (డెక్ పొడవునా కట్టే తాళ్లు) డెక్ అంచున కాక వీలైనంత మధ్యగా కట్టి, కట్టుతాడును పొట్టిగా ఉంచితే, జారినా మనిషి పడవలోనే ఉంటాడు.

ప్రథమచికిత్స శిక్షణ ఇద్దరూ తీసుకోండి, పళ్లు ముందే చూపించుకోండి. పడవ ఊగుతుండగా మరిగే నీళ్లు ఒలికి కాలడం తరచుగా జరిగే ప్రమాదం కాబట్టి, కాలిన గాయాలకు మందులు దండిగా పెట్టుకోండి.

లోతుకొల:

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూ, ఒక్క చోట పాతరేవు గారితో విభేదిస్తాను. తెరచాపల మాట రెండో ఏడాదికి వాయిదా వేయకండి. మొత్తం కొత్తవి అక్కర్లేదు గానీ, మెయిన్‌సెయిల్‌కు మూడో రీఫ్ (గాలి పెరిగినప్పుడు తెరచాపను మడిచి తగ్గించే వరుస) మొదటి ఏడాదే కుట్టించండి. రెండు రీఫులకే పరిమితమైన తెరచాపతో గాలి 35 నాట్లు దాటితే మీ చేతిలో ఏమీ మిగలదు; పైగా దాన్ని చీకట్లో, తడి డెక్ మీద ఎలా తగ్గించాలో సాధన చేయడానికి కాలం కావాలి.

నీటి యంత్రం గురించి ఒక లెక్క. నీటిరేఖ 24 అడుగులుండే పడవ గరిష్ఠ వేగం ఆరున్నర నాట్లే అవుతుంది. నిజానికి రోజంతా సగటున 100 నుంచి 120 నాటికల్ మైళ్లు నడిస్తే సంతోషించాలి. ఉదాహరణకు కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కు సుమారు 2,700 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 25 రోజులు. ఇద్దరికి రోజుకు తలా 3 లీటర్ల చొప్పున 150 లీటర్లు, ఆలస్యాలకు మరో సగం కలిపితే 225. ఇంతటి నీటిని 30 అడుగుల పడవ మోయగలదు. యంత్రం కొన్నా అది పాడయ్యే అవకాశం ఉంది కనుక ఈ నీరు ఎలాగూ మోయాల్సిందే. అలాంటప్పుడు చిన్న పడవకు ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం. అయితే నీటినంతా ఒకే ట్యాంకులో నింపకండి. ఒక ట్యాంకు పగిలినా, పాచి పట్టినా రెండోది మిగలాలి.

కరెంటు లెక్క కూడా కొనుగోళ్లకు ముందే వేసుకోండి. వేడి ప్రాంతంలో చిన్న ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 50 యాంపియర్-గంటలు తింటుంది, ఎలక్ట్రిక్ ఆటోపైలట్ అంతకు మించి తినవచ్చు. ఈ రెండూ లేకపోతే సోలార్ పలకలు రెండు, మామూలు బ్యాటరీలు సరిపోతాయి. ఓడల ఉనికిని చూపే ఏఐఎస్‌కు పట్టే కరెంటు చాలా తక్కువ; కాపలా గురించి మూడోజాము గారు చెప్పింది చదివాక దాన్ని ముందుకు తెచ్చుకోవడం సబబు.

డీజిల్ ట్యాంకును తెరిచి అడుగున పేరుకున్న మడ్డిని శుభ్రం చేయించండి. ప్రశాంత జలాల్లో ఏళ్ల తరబడి కదలని ఆ మడ్డి పెద్ద అలలకు పైకి లేచి ఫిల్టరును మూసేస్తుంది, ఇంజను అత్యవసరమైన వేళ అప్పుడే ఆగిపోతుంది.

సాగరిక:

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. చెయిన్‌ప్లేట్లను ఇంతవరకు ఎవరూ బయటికి తీసినట్టు లేదు, రాబోయే ఎండాకాలంలో ఆ పనితోనే మొదలుపెడతాం. ఇంకొక్క సందేహం. పెద్ద తుఫానులో చిక్కుకుంటే ఏం చేయాలన్నది మావారిని బాగా కలవరపెడుతోంది. లైఫ్‌రాఫ్ట్ మీద పెట్టే డబ్బు డ్రోగ్ (వేగం తగ్గించడానికి పడవ వెనుక నీటిలోకి వదిలే సాధనం) మీద పెట్టడం మేలని ఒకరు సలహా ఇచ్చారు. అది సరైనదేనా?

పాతరేవు:

రెండింటినీ పోటీకి పెట్టకండి, వాటి పనులు వేరు. లైఫ్‌రాఫ్ట్ పడవ మునిగిపోతున్నప్పుడు, అగ్నిప్రమాదంలో, ఢీకొన్నప్పుడు కావాలి. దాన్ని మానుకోమని నేను చెప్పలేను. తుఫానులో మాత్రం పడవ తేలుతున్నంతసేపు పడవే మీకు ఆశ్రయం. 1979 ఆగస్టులో జరిగిన ఫాస్ట్‌నెట్ పోటీలో తుఫానుకు 15 మంది పోటీదారులు మరణించారు. సిబ్బంది వదిలిపెట్టిన 24 పడవల్లో మునిగినవి అయిదే. మిగిలినవి తర్వాత తేలుతూ దొరికాయి. లైఫ్‌రాఫ్ట్ చిరిగిపోయి, తిరగబడి ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. కాబట్టి క్యాబిన్ ద్వారానికి వేసే పలకలు పడవ తలకిందులైనా ఊడిపోకుండా లోపలి నుంచీ బయటి నుంచీ బిగించుకునేలా చేయించండి, బ్యాటరీలనూ పొయ్యినీ గట్టిగా కట్టండి. ఇవి చవకైన పనులే.

డ్రోగ్ విషయంలో, ఒక పొడవాటి తాడుకు వందకు పైగా చిన్న శంకువులు కుట్టిన జోర్డాన్ రకం మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒక శంకువు అల మీదికి వచ్చి పట్టు వదిలినా మిగిలినవి నీటిలోనే ఉండి పడవను పట్టి ఉంచుతాయి. అయితే దాని మీద పడే లాగుడు పడవ బరువులో సగానికి మించవచ్చు కనుక, డెక్ మీద తాళ్లు కట్టే మామూలు క్లీట్లకు కడితే అవి పెళ్లగించుకుపోతాయి. వెనుక మూలల్లో ప్రత్యేకమైన ప్లేట్లు బిగించాలి.

దానికంటే ముందు హీవ్-టు నేర్చుకోండి. జిబ్‌ను గాలికి ఎదురువైపు లాగి, మెయిన్‌సెయిల్‌ను సర్ది, చుక్కానిని తిప్పి కట్టేస్తే పడవ దాదాపు నిలిచిపోయి నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. ఒక్కో పడవకు ఈ అమరిక ఒక్కోలా కుదురుతుంది. 20, 25 నాట్ల గాలి ఉన్న రోజున బయటికి వెళ్లి మీ పడవకు ఏది కుదురుతుందో కనుక్కోండి. అలసిపోయినప్పుడు వంట చేసుకోవడానికి, చీకట్లో రేవులోకి వెళ్లకుండా తెల్లవారేదాకా ఆగడానికి కూడా ఇదే సాధనం.

అత్యవసర సంకేతమిచ్చే 406 మెగాహెర్ట్‌జ్ ఈపీఐఆర్‌బీని మాత్రం ఆలోచించకుండా కొనండి, కొన్న రోజే మీ వివరాలతో నమోదు చేయించండి. నమోదు లేకపోతే సంకేతం అందినవారికి ఆ పడవ ఎవరిదో, ఎందరున్నారో, ఎవరికి ఫోను చేయాలో తెలియక విలువైన సమయం పోతుంది.

మీవారి కలవరానికి అన్నిటికంటే పెద్ద మందు కాలం ఎంపికే. ఉత్తర అట్లాంటిక్‌లో జూన్ నుంచి నవంబరు దాకా, దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. నెలవారీ గాలుల సగటు చూపే పైలట్ చార్టులు ముందేసుకుని, వెళ్లదలచిన దారిలో ఏ నెల అనువైనదో ఇప్పుడే నిర్ణయించుకోండి, ఆ నెల నుంచి వెనక్కి లెక్కపెట్టి పనులన్నింటికీ గడువులు రాసుకోండి. పనులు పూర్తికాకపోతే ప్రయాణాన్ని మరుసటి ఏడాది అదే నెలకు వాయిదా వేయండి, తుఫానుల నెలలోకి మాత్రం జరపకండి.