మూడుసార్లు సూది వేయించినా గేదె చూడి కట్టడం లేదు

మాది అమలాపురం దగ్గర. రెండో ఈత ముర్రా గేదె, ఈని ఏడు నెలలైంది. మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం, మూడుసార్లూ సరిగ్గా 21 రోజులకే తిరగపొర్లింది (మళ్లీ ఎదకొచ్చింది). ఎదలో వేసే తీగ (జిగురు) తేటగా, గాజులా ఉంది, చీము లేదు. ఎద ఎక్కువగా రాత్రిపూటే తెలుస్తోంది, అరుపు కూడా తక్కువే. తెల్లారి ఎనిమిదింటికల్లా సూది పడుతోంది. నట్టల (కడుపులో పురుగుల) మందు పట్టించాం. రోజుకు 50 గ్రాముల చొప్పున రెండు నెలలుగా మినరల్ మిక్చర్ పెడుతున్నాం. డాక్టరు గారు చేత్తో చూసి గర్భసంచి బాగానే ఉందన్నారు. మేత మాత్రం ఎండుగడ్డి, తవుడు, గట్ల మీది గడ్డి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక పచ్చిమేత ఇంకా తగ్గింది (అదే కారణమేమో అని నా అనుమానం). పూటకు రెండు లీటర్లు ఇస్తోంది, అమ్మడానికి మనసొప్పడం లేదు.

ఈసారి ఎదలో 12 గంటల తేడాతో రెండు సూదులు వేయించాలా, దున్నపోతుతో దాటించాలా? ఇలాంటి గేదెకు మీలో ఎవరికి ఏది పనిచేసింది?