టెలోమియర్ల పొడవే లెక్కయితే ఎలుక అంత త్వరగా ఎందుకు ముసలిదవుతుంది?

బయాలజీ తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్తారా? ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి ఈ ప్రశ్నతో నా బుర్ర తినేస్తోంది.

మనిషి పిండం నుంచి తీసిన కణాలు గాజుపాత్రలో సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మధ్యలో గడ్డకట్టించి దాచి, ఏళ్ల తర్వాత బయటికి తీసినా ఆపిన చోటునుంచే లెక్క కొనసాగుతుందట. అంటే వాటికి క్యాలెండర్‌తో పనిలేదు, ఎన్నిసార్లు విభజన జరిగిందన్నదే ముఖ్యం. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోమ్ చివర్లలో తొడుగుల్లా ఉండే టెలోమియర్లు అరుగుతాయి కాబట్టే కణాలు అలా ఆగిపోతాయని అంటారు. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ ప్రయోగశాల ఎలుకల టెలోమియర్లు మనవాటికంటే చాలా పొడవు కదా! అయినా రెండు మూడేళ్లకే వాటి పని అయిపోతుంది. మెదడులోని న్యూరాన్లు (నాడీకణాలు) అయితే దాదాపు విభజనే చెందవు, మరి అవెందుకు ముసలివవుతాయి?

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినడమే కారణం అంటే సరిపోతుందా? డీఎన్ఏ మీద అతుక్కునే మిథైల్ గుర్తులు (చిన్న రసాయన ముద్రలు) కూడా వయసుతో మారతాయంటున్నారు. అవి కొలిచేది గడిచిన కాలాన్నా, కణం అరుగుదలనా? ఇంటర్ పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి. ఎలుక సంగతి ముందు తేల్చండి, తను దాని దగ్గరే పట్టుబట్టి కూర్చుంది.